ట్యూబులర్ టైరు ఇంట్లో అతికించడం: పట్టంతా అంచుల దగ్గరే

అడిగింది ఇదీ: సైకిలుకి కొత్త అల్యూమినియం ట్యూబులర్ చక్రాలు, రెండు 25 మిల్లీమీటర్ల టైర్లు, రెండు ట్యూబుల జిగురు ఉన్నాయి. ఇంట్లోనే అతికించుకోవచ్చా? ఒక్క రోజులో అయిపోతుందా? జిగురు బదులు టేపు వాడితే నష్టమా?

ఇంట్లో చేసుకోవచ్చు. ఒక్క రోజులో మాత్రం కాదు. చేతికి పని మొత్తం కలిపి రెండు గంటలే, మిగతాదంతా ఆరడానికి వదిలేసే సమయం. ఆదివారం రేసు అనుకుంటే మంగళవారానికల్లా మొదలుపెట్టాలి. శనివారం రాత్రి జిగురు డబ్బా తెరిచేటట్టయితే ఆ ఆదివారానికి పాత చక్రాలే మేలు. టేపు సంగతి చివర్లో చెప్తాను.

ముందు టైరు రిమ్ముని ఎలా పట్టుకుంటుందో తెలియాలి. అది తెలిస్తే ఏ దశలో బద్ధకించకూడదో ఎవరూ చెప్పక్కర్లేదు. మామూలు క్లించర్ టైరుకి రెండు పక్కలా గట్టి అంచు తీగ ఉంటుంది, దాన్ని రిమ్ము గోడ ఆపుతుంది. ట్యూబులర్‌కి ఆ తీగా లేదు, రిమ్ముకి గోడా లేదు. ట్యూబుని లోపల పెట్టి టైరుని గొట్టంలా కుట్టేసి, కుట్టు మీద గుడ్డ పట్టీ అంటిస్తారు. ఆ పట్టీని, టైరు కూర్చునే పల్లం, అంటే రిమ్ము పడకని, కలిపేది జిగురు ఒక్కటే. దానికి తోడు ఇంకో బలం ఉంది. టైరు గుడ్డలో దారాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటుతూ పోతాయి. గాలి నింపితే టైరు లావెక్కుతుంది, ఆ మేరకు చుట్టుకొలత తగ్గాలని చూస్తుంది, అంటే రిమ్ముని బిగించి పట్టుకుంటుంది. అందుకే జిగురు సరిగా లేని టైరు కూడా నిండా గాలి ఉన్నప్పుడు చేత్తో లాగితే కదలదు. చాలామంది మోసపోయేది ఇక్కడే. పంక్చరై గాలి పోగానే ఆ బిగింపు పోతుంది, మిగిలేది జిగురు. గాలి ఉన్నా సరే, మలుపులో పక్కకి తోసే బలం ముందుగా ఒక అంచుని పైకి లేపుతుంది. అంచు లేచిందంటే మధ్యలో జిగురు ఎంత ఉన్నా కాగితం చింపినట్టు వరసగా ఊడి వస్తుంది. కాబట్టి పట్టీ రెండు అంచులూ చుట్టూతా అంటుకున్నాయా లేదా అన్నదే అసలు ప్రశ్న.

2003 టూర్ ద ఫ్రాన్స్ సైకిలు రేసులో గాప్ ఊరి వైపు దిగుతూ రేసరు హోసెబా బెలోకి పడినప్పుడు ఎండకి మెత్తబడిన తారు మీద వెనక చక్రం జారింది, టైరు రిమ్ము నుంచి ఊడింది, తొడ ఎముక విరిగింది. పక్కకి జారిన చక్రానికి మళ్ళీ నేల దొరికే క్షణంలో టైరు అంచు మీద పడే బలం అలాంటిది.

సామాను పెద్దగా ఏం లేదు. జిగురు 25–30 గ్రాముల ట్యూబుల్లో వస్తుంది. కొత్త రిమ్ము, కొత్త టైరు అయితే చక్రానికి ఒక ట్యూబు పూర్తిగా పడుతుంది, కాబట్టి మీ రెండూ సరిగ్గా సరిపోతాయి. మూడోది దగ్గరుంటే చివరి పూతకి పిసినారితనం చేయాల్సిన పని ఉండదు. సెంటీమీటరు వెడల్పున్న చౌక బ్రష్షులు రెండు మూడు తెచ్చి, వెంట్రుకలు సగానికి కత్తిరించండి. పొడుగు వెంట్రుకలు జిగురుని పూయవు, దారాలు లాగుతాయి. నైట్రైల్ గ్లౌజులు, ఎసిటోన్, నూలు పోగులు రాలని గుడ్డ, కరెంటు టేపు, ప్రెషర్ చూపించే నిలువు పంపు కావాలి. జిగురులోనూ ఎసిటోన్‌లోనూ ఆవిరయ్యే ద్రావకాలుంటాయి, ఇట్టే అంటుకుంటాయి. కిటికీలు తెరిచి, పొయ్యికి, దీపానికి దూరంగా పని పెట్టుకోండి. రిమ్ముని గట్టిగా పట్టుకుని తిప్పడానికి ట్రూయింగ్ స్టాండు ఉంటే సుఖం, లేకపోతే సైకిలునే తలకిందులు చేసి ఫోర్కులో చక్రం బిగించుకోవచ్చు.

మొదటి రోజు జిగురు ముట్టుకోవద్దు. టైరు సాగదీసే రోజు అది. కొత్త ట్యూబులర్ రిమ్ము కంటే బిగుతుగా ఉంటుంది, జిగురు పూసిన రిమ్ము మీద మొదటిసారే ఎక్కించబోతే చివరి నాలుగంగుళాల దగ్గర యుద్ధం జరుగుతుంది, ఆ యుద్ధంలో జిగురంతా టైరు పక్క గోడలకి, బ్రేకు అంచుకి, చొక్కాకి అంటుతుంది. పొడి రిమ్ము మీద ఎక్కించి, టైరు మీదా రిమ్ము మీదా రాసిన గరిష్ఠం దాటకుండా 8 బార్ దాకా, అంటే సుమారు 116 పీఎస్ఐ నింపి, ఒక రాత్రి ఒక పగలు వదిలేయండి. లోపల లేటెక్స్ ట్యూబు ఉంటే పొద్దున్నకి గాలి తగ్గుతుంది, అది దాని స్వభావం, మళ్ళీ కొట్టండి. పాదంతో తొక్కి పట్టుకుని రెండు చేతులా లాగే పద్ధతి ఒకటి చలామణీలో ఉంది. కుట్టు దగ్గర పట్టీ ఊడిపోవడానికి అంతకంటే దగ్గరి దారి లేదు, మానేయండి.

ఈ పొడి బిగింపులోనే మూడు సంగతులు చూసుకోవాలి, తర్వాత చూస్తే ఆలస్యమైపోతుంది. ఒకటి, టైరు గాలి నిలుపుతోందా, పక్కన బుడిపెలున్నాయా. లోపం ఉన్న టైరు జిగురు అంటాక వెనక్కి ఇవ్వడానికి పనికిరాదు. రెండు, వాల్వు దగ్గర టైరు ఎత్తుగా కూర్చుందా. వాల్వు మొదలు చుట్టూ గుడ్డ మందంగా ఉంటుంది, రిమ్ములో వాల్వు రంధ్రం అంచు నిటారుగా తెగి ఉంటే ఆ మందం లోపలికి దిగదు, చక్రం తిరిగిన ప్రతిసారీ దడ్‌మని ఒక దెబ్బ తెలుస్తుంది. అల్యూమినియం రిమ్ముకైతే ఆ రంధ్రం పైఅంచుని గుండ్రటి ఆకురాయితో కొంచెం వాలుగా రాయవచ్చు. కార్బన్ రిమ్ముని రాయకూడదు.

మూడోది రిమ్ము పడక వంపు, టైరు వంపు కలుస్తున్నాయా అన్నది. పాత రిమ్ముల పడక 21–22 మిల్లీమీటర్ల టైర్ల కోసం చేసింది, వంపు ఎక్కువ. కొత్త వెడల్పు రిమ్ములు 25–28 టైర్ల కోసం చేసినవి, వంపు తక్కువ. సన్నటి టైరుని వెడల్పు రిమ్ము మీద పెడితే మధ్యలో ఆనుతుంది, అంచులు గాల్లో ఉంటాయి. జిగురు గట్టిది కదా అని ఆ ఖాళీని జిగురుతో నింపితే నిలవదు. కనిపెట్టడానికి సుద్దముక్క చాలు: పడక మీద రంగు సుద్ద రుద్ది, టైరు ఎక్కించి, గాలి నింపి, దింపి పట్టీ చూడండి. రంగు అంచు నుంచి అంచుదాకా అంటితే జోడీ కుదిరింది. మధ్య గీత మాత్రమే అంటితే ఆ టైరు ఆ రిమ్ముకి కాదు. సుద్ద మొత్తం తుడిచేయడం మరిచిపోవద్దు.

రెండో రోజు రిమ్ము శుభ్రం. కొత్త అల్యూమినియం రిమ్ము కంటికి తళతళలాడుతుంది గానీ ఫ్యాక్టరీ నూనె పొర ఉంటుంది, జిగురు దాని మీద నిలవదు. పడకని సన్న ఉప్పుకాగితంతో మెరుపు పోయేదాకా తేలిగ్గా రుద్ది, ఎసిటోన్ తడిపిన గుడ్డతో తుడవండి. గుడ్డ నల్లగా వస్తుంది. గుడ్డ మార్చి మళ్ళీ తుడవండి, తెల్లగా వచ్చేదాకా. ఆ తర్వాత పడకని వేళ్ళతో తాకొద్దు, చేతి జిడ్డు కూడా నూనే. బ్రేకు ఆనే అంచుల మీద చుట్టూ కరెంటు టేపు అంటించండి. జిగురు చుక్క బ్రేకు అంచు మీద పడితే బ్రేకు పట్టుకుని వదలడం, కీచుమనడం మొదలవుతుంది, ఎండిన చుక్కని గోకడం విసుగు పని.

ఎసిటోన్ టైరు పట్టీకి తగలనివ్వొద్దు. పట్టీని టైరుకి అంటించిన జిగురు చాలా టైర్లలో లేటెక్స్, ద్రావకం దాన్ని కరిగిస్తుంది. అప్పుడు పట్టీ రిమ్ముకి అతుక్కునే ఉంటుంది, టైరు పట్టీ నుంచి ఊడుతుంది. పట్టీ మురికిగా ఉంటే పొడి బ్రష్షుతో దులిపితే చాలు.

ఇక పూతలు. కొత్త జోడీకి నా లెక్క: రిమ్ముకి రెండు పొడి పూతలు (పూసి ఆరనిచ్చేవి), పట్టీకి రెండు పొడి పూతలు, చివర్లో రిమ్ముకి ఒక తడి పూత (పూర్తిగా ఆరకముందే టైరు ఎక్కించేది). పూత అంటే పెయింటు వేసినట్టు పల్చగా, రిమ్ము రంగు కొంచెం కనబడేంత. దట్టంగా వేస్తే పైన చర్మం కట్టి లోపల ద్రావకం చిక్కుకుంటుంది, రెండు రోజులైనా లోపల ముద్దగానే ఉంటుంది, ఆ ముద్ద మీద టైరు జారుతుంది. రిమ్ము పడకలో స్పోకు రంధ్రాల మధ్య ఉన్న భాగం కంటే రెండు చివరి అంచులకి ఎక్కువ శ్రద్ధ పెట్టండి, బ్రష్షు అక్కడ రెండుసార్లు తిరగాలి. రంధ్రాల్లోకి జిగురు కారనివ్వొద్దు, రేపు స్పోకు నిప్పిల్ మార్చాల్సి వస్తే తిట్టుకోవాల్సి వస్తుంది.

పట్టీకి పూయడానికి ఒక చిట్కా. రిమ్ము లేకుండా టైరులో కొంచెం గాలి నింపితే అది తిరగబడి పట్టీ బయటి వైపుకి వస్తుంది. అలాగే మేకుకి తగిలించి చుట్టూ పూయొచ్చు. మొదటి పూతని నూలు పట్టీ పీల్చేస్తుంది, అసలు పూశామా అన్నట్టు ఉంటుంది. అందుకే రెండోది. పట్టీ అంచు దాటి టైరు గోడ మీదకి పోవద్దు.

ప్రతి పొడి పూతకీ డబ్బా మీద రాసినంత సేపు, ఏం రాయకపోతే ఒక రాత్రి ఆగండి. వేలు ఆనిస్తే అంటాలి, జిగురు వేలితో రాకూడదు. రిమ్ముకీ టైరుకీ ఒకే సాయంత్రం ఒక్కో పూత వేసుకుంటే రెండు రాత్రుల్లో నాలుగూ అయిపోతాయి. రెండు కంపెనీల జిగుర్లు కలపొద్దు. ద్రావకాలు వేరు కావచ్చు, ఒకటి రెండోదాని పొరని లేపేయొచ్చు.

ఎక్కించే రోజు వాల్వు పని ముందు. లోతు రిమ్ము అయితే వాల్వు పొడిగింపు గొట్టం కావాలి. వాల్వు గుండె, అంటే గాలిని ఆపే లోపలి భాగం, విప్పి, గొట్టం మరకి ప్లంబర్లు వాడే తెల్ల టేపు రెండు చుట్లు చుట్టి బిగించి, గుండెని గొట్టం పైచివర పెట్టేది నమ్మకమైన రకం. ఇది జిగురుకి ముందు రాత్రే బిగించి గాలి నిలుస్తుందో లేదో చూసుకోండి. అతికించాక అక్కడ లీకు బయటపడితే టైరంతా దింపాలి.

తడి పూత రిమ్ముకి వేసి, పది పదిహేను నిమిషాలు ఆగండి. మరీ తడిగా ఉన్నప్పుడు ఎక్కిస్తే జిగురు పిండినట్టు పక్కలకి వస్తుంది. మరీ ఆరాక ఎక్కిస్తే ఎక్కడ ఆనిందో అక్కడే పట్టేసుకుంటుంది, వంకర సరిచేసుకునే అవకాశం ఉండదు. ఈలోగా టైరు బాణం గుర్తు తిరిగే దిశకి ఉందా చూసుకోండి. టైరులో గాలి దాని ఆకారం నిలిచేంత మాత్రమే ఉండాలి.

శుభ్రమైన అట్ట నేల మీద పరిచి, చక్రాన్ని నిలబెట్టి, వాల్వు రంధ్రం పైకి పెట్టుకోండి. వాల్వుని నిటారుగా రంధ్రంలో దింపి, దాని రెండు పక్కలా చేతులు వేసి, టైరుని కిందికి లాగుతూ రిమ్ము మీద ఆనించుకుంటూ దిగండి. రెండు చేతులూ సమానంగా, ఒళ్ళు బరువు వేసి. ఇక్కడ ఎంత సాగదీస్తే చివర్లో అంత తక్కువ మిగుల్తుంది. కింద పదిహేను ఇరవై సెంటీమీటర్లు మిగిలాక చక్రాన్ని ఎత్తి, వాల్వు వైపు పొట్టకి ఆనించుకుని, రెండు బొటనవేళ్ళతో మిగిలిన ముక్కని పైకెత్తి రిమ్ము మీదకి ఒక్కసారిగా దాటించండి. అంచు మీదుగా ఈడ్చొద్దు, ఈడిస్తే సరిగ్గా అక్కడే అంచు జిగురు మొత్తం తుడిచిపెట్టుకుపోతుంది. టైరు లీవరు జోలికి పోకండి. సాగదీయడం బాగా జరిగి ఉంటే దాని అవసరం రాదు.

2 బార్ గాలి నింపి చక్రం తిప్పి చూడండి. రిమ్ము రెండు వైపులా పట్టీ అంచు ఒకే వెడల్పులో కనబడాలి. ఒకవైపు ఎక్కువ కనబడిన చోట టైరుని పైకెత్తి, పట్టీ రెండో వైపుకి జరిగేలా మెలిపెట్టి వదలండి. వాల్వు దగ్గర మొదలుపెట్టి చుట్టూ రండి, దీనికి మీకున్న సమయం పదిహేను నిమిషాలే. ఒక మాట: సూటిగా ఉందో లేదో పట్టీ చూసి తేల్చండి, నేలకి ఆనే రబ్బరుని చూసి కాదు. కుట్టు టైర్లలో పై రబ్బరు ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అంటించి ఉండటం మామూలే. ఆ రబ్బరు కంటికి సూటిగా కనబడాలని పట్టీని పక్కకి జరిపితే ఒక అంచు జిగురు లేకుండా మిగిలిపోతుంది. అందం కోసం పట్టు వదులుకోవద్దు.

సూటి కుదిరాక 4 బార్ నింపి, చక్రాన్ని నిలువుగా పట్టుకుని, ఒళ్ళు బరువు వేసి నేల మీద రెండు మూడు చుట్లు దొర్లించండి. ఒకసారి కొంచెం కుడికి వంచి, ఒకసారి ఎడమకి వంచి దొర్లిస్తే అంచులు పడకలోకి నొక్కుకుంటాయి. ఆ తర్వాత 8 బార్ దాకా నింపి ఒక రోజు వదిలేయండి. లేటెక్స్ ట్యూబు అయితే ఎనిమిది పది గంటలకి ఒకసారి ప్రెషర్ చూసి మళ్ళీ నింపాలి. టైరుని పడకకి అదిమి ఉంచేది ఆ గాలే కదా.

మర్నాడు గాలి పూర్తిగా తీసేసి పరీక్ష చేయండి. రెండు బొటనవేళ్ళతో టైరుని పక్కకి గట్టిగా తోస్తూ చుట్టూ రండి. పట్టీ అంచు పడక నుంచి లేస్తే, ఒకటి రెండు మిల్లీమీటర్లు మించి లోపలికి చీకటి గీత కనబడితే, ఆ చోటు పోయినట్టే. అక్కడ సన్న బ్రష్షుతో జిగురు దూర్చి నొక్కేస్తే సరిపోతుందనుకుంటారు. అర అంగుళం పొడుగైతే సరే. వరసగా రెండు మూడంగుళాలు లేస్తుంటే కారణం కింద ఎక్కడో ఉంది: నూనె మిగిలిన రిమ్ము, ఆరని పూత, కుదరని వంపు. టైరు దింపి మళ్ళీ చేయాల్సిందే. ఈ పరీక్ష గాలి నింపి చేస్తే అన్ని టైర్లూ పాసవుతాయి, కారణం మొదట్లోనే చెప్పాను.

బ్రేకు అంచు మీది కరెంటు టేపు తీసి, మిగిలిన మరకలుంటే గుడ్డ కొసని ఎసిటోన్‌లో అద్ది తుడవండి. గుడ్డ కారేంత తడిగా ఉంటే ద్రావకం అంచు కిందకి పాకి నిన్నటి పనంతా వదులు చేస్తుంది.

కార్బన్ రిమ్ము అయితే ఉప్పుకాగితం వద్దు, ఎసిటోన్‌లో నానబెట్టడం అసలే వద్దు. రిమ్ము కంపెనీ ఒప్పుకున్న ద్రావకంతో త్వరగా తుడవడమే. జిగురు కూడా కార్బన్‌కని రాసి ఉన్నదే తీసుకోండి. రిమ్ము బ్రేకులతో పొడుగు దిగుడులో అల్యూమినియం అయినా కార్బన్ అయినా రిమ్ము వేడెక్కుతుంది, వేడికి జిగురు మెత్తబడుతుంది. డిస్క్ బ్రేకులకి ఆ వేడి బాధ లేదు గానీ బ్రేకు బలమంతా ఇప్పటికీ జిగురు గుండానే నేలకి చేరుతుంది, కాబట్టి పూతలు తగ్గించడానికి అది సాకు కాదు.

టేపు విషయం. రెండు వైపులా అంటుకునే ట్యూబులర్ టేపు గంటలో పని ముగిస్తుంది, చేతులకి మురికి ఉండదు, మొదటిసారి చేసేవాళ్ళకి తప్పు చేసే అవకాశం తక్కువ. రిమ్ము శుభ్రం, వంపు పరీక్ష, సాగదీయడం దీనికీ అంతే అవసరం. రిమ్ము వెడల్పుకి సరిపోయే టేపు తీసుకోవాలి. సన్నదైతే అంచులు ఖాళీ. పడక మీద చుట్టూ అంటించి, గాలి బుడగలు లేకుండా నొక్కి, పై పొర కాగితం కొసలు రెండు వైపులా బయటికి ఉంచి, టైరు ఎక్కించి సూటి చేసుకున్నాక కాగితం లాగేయాలి. లాగేటప్పుడు తెగితే ముక్క లోపల ఉండిపోతుంది, అక్కడ పట్టు సున్నా. అందుకని నెమ్మదిగా, రిమ్ముకి దగ్గరగా, ఒకే కోణంలో లాగండి. టేపు కష్టాలు టైరు దింపేటప్పుడు తెలుస్తాయి. కొన్ని రకాలు పట్టీనే చింపుకుని వస్తాయి, రిమ్ము మీద మిగిలింది గోకడానికి ఒక పూట పోతుంది. రోజువారీ రైడుకి టేపు చాలు. రేసులకి, కొండ దిగుళ్ళకి నా ఓటు జిగురుకే.

తర్వాత తర్వాత ఒక్కటి చూస్తూ ఉండండి: వాల్వు. అతికించిన రోజు నిటారుగా ఉన్న వాల్వు కొన్ని వారాలకి ఒకవైపు వాలితే, బ్రేకు వేసినప్పుడల్లా టైరు రిమ్ము మీద పాకుతోందని అర్థం. జిగురు వదిలేస్తోంది, అదే రోజు టైరు దింపండి. వాలకపోయినా సీజను మొదట్లో గాలి తీసి బొటనవేలి పరీక్ష మళ్ళీ చేయాలి. పాతబడ్డ జిగురు ఎండి పెళుసై పొడిగా రాలుతుంది.

దింపేటప్పుడు గాలి మొత్తం తీసి, వాల్వుకి ఎదురు వైపున బొటనవేళ్ళతో ఒక అంచు లేపి, చేతులు దూర్చి చుట్టూ ఒలుచుకుంటూ రండి. సులువుగా ఊడుతుందని ఆ ఎదురు వైపు రెండంగుళాలు జిగురు పూయకుండా వదిలేవాళ్ళున్నారు. రోడ్డు చక్రాలకి ఆ వెసులుబాటు నాకు ఇష్టం లేదు. మరీ మొండికేస్తే మొద్దు అంచు ప్లాస్టిక్ లీవరు వాడండి. ఇనుప స్క్రూడ్రైవరు కార్బన్ రిమ్ముని గీస్తుంది, పట్టీని చింపుతుంది. రిమ్ము మీద మిగిలిన పాత జిగురు నున్నగా సమంగా ఉంటే తీయక్కర్లేదు, దాని మీద అదే జిగురు ఒక పల్చటి పూత, కొత్త టైరుకి రెండు పూతలు చాలు. గడ్డలుగా ఉంటే మాత్రం మొత్తం తీసి మొదటి నుంచీ రావాలి.

దారిలో పంక్చరైతే అని సీటు కింద పెట్టుకునే టైరు ఇంతకు ముందు అతికించి దింపినదై ఉండాలి. అది సాగి ఉంటుంది, పట్టీ మీద జిగురు ఉంటుంది. పట్టీ లోపలికి వచ్చేలా, జిగురు జిగురుకే ఆనేలా మడిచి కట్టండి. రిమ్ము మీద మిగిలిన జిగురు మీద దాన్ని ఎక్కించి నిండా గాలి కొడితే ఇంటికి చేరొచ్చు, అయితే మలుపుల్లో సైకిలు వంచకుండా. ఇంటికి రాగానే దింపి తడి పూతతో సరిగ్గా అతికించండి.